తృణప్రాయం: అర్థం, ప్రయోగం

1. పరిచయం

'తృణప్రాయం' అనే మాటను మీరు వార్తాపత్రికల్లో చదివే ఉంటారు, సంస్మరణ సభల్లో వినే ఉంటారు. అర్థం తెలిసినట్టే ఉంటుంది. కాని ప్రయోగంలో పొరపడితే పొగడ్త కాస్తా నింద అవుతుంది. అందుచేత ఈ పదాన్ని కొంచెం వివరంగా పరిశీలిద్దాం.

2. పద నిర్మాణం

ఇది సంస్కృత సమాసం. 'తృణం' అంటే గడ్డి, గడ్డిపోచ. సమాసం చివర వచ్చే 'ప్రాయ' శబ్దానికి 'దాదాపు అటువంటిది' అని అర్థం. 'మృతప్రాయం', 'శిథిలప్రాయం' అనే మాటల్లో ఉన్నదీ ఇదే. 'పడుచు ప్రాయం' అన్నప్పుడు మాత్రం ప్రాయం అంటే వయసు. నామవాచకానికి ముందు 'తృణప్రాయమైన' అనీ, క్రియకు ముందు 'తృణప్రాయంగా' అనీ వాడతాం. తొలి అక్షరం 'తృ'. దాన్ని 'త్రు' అని రాయకూడదు.

3. అర్థం

గడ్డితో పోలిక ఉన్నా ఈ పదం రంగును, రూపాన్ని చెప్పదు. విలువ లేకపోవడాన్ని చెబుతుంది. నూనె లేక పీచుకట్టిన జుట్టును 'ఎండుగడ్డిలాంటి జుట్టు' అంటాం గాని 'తృణప్రాయమైన జుట్టు' అనం. 'తృణీకరించు' అనే క్రియలోనూ ఇదే భావం ఉంది: గడ్డిపోచగా ఎంచి తోసిపుచ్చడం.

4. ప్రయోగం

ఈ రెండు వాక్యాలు చూడండి.

అ) ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహార దీక్ష చేసి, 1952 డిసెంబరు 15న తన ప్రాణాలను తృణప్రాయంగా అర్పించారు.

ఆ) యాజమాన్యం కార్మికుల ప్రాణాలను తృణప్రాయంగా చూసింది.

రెండింటిలోనూ పదం ఒకటే. మొదటిది నివాళి, రెండోది అభియోగం. తేడా ఎక్కడ వచ్చింది? మొదటి వాక్యంలో ప్రాణం ఎవరిదో, దాన్ని గడ్డిపోచగా ఎంచినదీ వారే, అది త్యాగం. రెండో వాక్యంలో ప్రాణం ఒకరిది, దాన్ని తేలికగా చూసినవారు వేరొకరు, అది నిర్దయ. కాబట్టి ఈ మాట రాసే ముందు 'వస్తువు ఎవరిది? విలువ లేదని ఎంచినది ఎవరు?' అని ప్రశ్నించుకోండి.

5. మీ ప్రగతిని సరిచూసుకోండి

కింది వాక్యంలోని దోషాన్ని గుర్తించి సరిచేయండి.

'వరద బాధితులకు మీరు పంపిన తృణప్రాయమైన విరాళానికి కృతజ్ఞతలు.'

జవాబు: తానిచ్చిన దాన్ని తృణప్రాయం అనుకోవడం వినయం, ఎదుటివారు ఇచ్చిన దాన్ని అలా అనడం అవమానం. 'మీరు పంపిన విలువైన విరాళానికి కృతజ్ఞతలు' అని రాయాలి.