పాత వీడియో ఆటలు – కొత్త తెరలు

జపాను దేశమందలి నింటెండో సంస్థ 1984లో “డక్ హంట్” అను వీడియో ఆటను విడుదల చేసినది. తెరమీద బాతులు ఎగురుచుండును. ఆడువారు ప్లాస్టిక్ తుపాకిని గురిపెట్టి మీట నొక్కుదురు. గురి కుదిరినచో బాతు నేల కూలును. 1990లలో తెలుగునాట కూడ ఎందరో పిల్లలు టెలివిజనుకు తగిలించు ఆట పెట్టెలతో దీనిని ఆడిరి. ఆ పెట్టెను, ఆ తుపాకిని నేడు అటకమీది నుండి దింపి, పలుచని కొత్త టెలివిజనుకు తగిలించినచో వింత యొకటి కనబడును. బొమ్మ వచ్చును, బాతులు ఎగురును. కాని తెరకు తుపాకి ఆనించి కాల్చినను ఒక్క బాతైనను పడదు. పెట్టె చెడలేదు, తుపాకియు చెడలేదు. మారినది తెర మాత్రమే. తెర మారినంత మాత్రమున ఆట ఏల నిలిచిపోవలెను?

పాత తెర పనిచేయు విధము

పాత టెలివిజనులోని ముఖ్య భాగము కాథోడ్ కిరణ నాళము. దీని తొలి రూపమును 1897లో జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించెను. గాలి తీసివేసిన గాజు నాళములో, వేడెక్కిన కాథోడ్ నుండి ఎలక్ట్రానులు వెలువడును. అధిక విద్యుత్పీడనము వాటిని ముందునకు లాగును; తీగచుట్టల అయస్కాంత క్షేత్రము వాటిని పక్కలకు వంచును. తెర లోపలి ఫాస్ఫరు పూతపై ఆ కిరణము తగిలిన చోటు మెరసి, వెంటనే మసకబారును.

అనగా ఏ క్షణమందును తెరమీద బొమ్మ అంతయు ఒకేసారి వెలుగుట లేదు. కిరణము ఎడమ నుండి కుడికి ఒక గీత గీసి, దాని క్రింద మరియొకటి గీయుచు అడుగునకు చేరును. జపాను, అమెరికాల పద్ధతిలో ఇట్లు సెకనుకు సుమారు 60 సార్లు, భారతదేశమందలి పాత పద్ధతిలో 50 సార్లు జరుగును. జపాను పద్ధతిలో గీత యొక్కటికి పట్టు కాలము 63.5 మైక్రోసెకండ్లు, సెకనుకు ఇంచుమించు 15,700 గీతలు. విద్యార్థులు దీనిని తేలికగా పరీక్షింపవచ్చును. చీకటి గదిలో పాత టెలివిజను ఎదుట పెన్సిలును వేగముగా ఊపినచో, ఒక్క పెన్సిలు పలు పెన్సిళ్ళుగా విడివిడిగా కనబడును.

తుపాకి రహస్యము

డక్ హంట్ తుపాకి నుండి ఏ కిరణమును వెలువడదు. దాని గొట్టములో నున్నది కాంతిని గ్రహించు సాధనము మాత్రమే. మీట నొక్కగానే ఆట తెరనంతయు క్షణకాలము నల్లగా చేసి, మరుసటి బొమ్మలో బాతు ఉన్నచోట తెల్లని చతురము చూపును. చీకటి వెంట వెలుగు కనబడినచో గురి కుదిరినట్లు. బాతులు రెండున్నచో చతురములు ఒకదాని తరువాత నొకటి వచ్చును. వెలుగు వచ్చిన వేళను బట్టి ఏ బాతు కూలినదో తెలియును.

గది దీపమును చూచి తుపాకి మోసపోకుండుటకు, సెకనుకు 15,000 సార్లకు పైగా అదరు గీతల వెలుగునకే అది స్పందించునట్లు ఏర్పాటు కలదు. కొత్త ద్రవస్ఫటికపు తెర ఆ విధముగా అదరదు. పైగా కొత్త టెలివిజను బొమ్మను ముందు తనలో నిలుపుకొని, సవరించి, పిదప చూపును. వెలుగు వచ్చుసరికి ఆట దాని కొరకు చూచు గడియ దాటిపోవును.

లేని కిరణమును లెక్కించుట

పాత పెట్టె లేకయే పాత ఆటను ఆడుటకు నేడు ఎమ్యులేటర్ అను సాధనము కలదు. ఇది ఒక యంత్రమువలె మరియొక యంత్రము ప్రవర్తించునట్లు చేయు ప్రోగ్రాము. 1983లో వచ్చిన నింటెండో వారి ఫామికామ్ పెట్టెలో ప్రాసెసరు వేగము 1.79 మెగాహెర్ట్జులు, పని జ్ఞాపకము 2 కిలోబైట్లు. ఎమ్యులేటర్ ఆటలోని ఆదేశములను ఒక్కొక్కటిగా చదివి, ఆ ప్రాసెసరు ఏమి చేసియుండునో దానినే చేయును.

అయితే ఏమి చేయవలెనో తెలిసిన చాలదు; ఎప్పుడు చేయవలెనో కూడ తెలియవలెను. 1985 నాటి “సూపర్ మారియో బ్రదర్స్” ఆటలో నేల పక్కకు జరుగుచుండగా, పైనున్న అంకెల పట్టీ కదలక నిలుచును. ఆ పెట్టె బొమ్మను రెండు భాగములుగా విడదీసి జరుపలేదు. కావున పట్టీ గీయునంతవరకు ఆట జరుపుడు విలువను సున్నగా ఉంచును. పట్టీలోని చిన్న నాణెపు బొమ్మ అడుగునకు కిరణము చేరినట్లు సూచన రాగానే ఆ విలువను మార్చును. అక్కడినుండి క్రింది భాగము మాత్రమే జరుగును.

కనుక ఎమ్యులేటర్ కూడ కిరణము ఎక్కడ ఉన్నదో ఎరిగియుండవలెను. నేటి కంప్యూటరులో ఆ కిరణమే లేదు. అయినను గీతకు 341 చుక్కలు, బొమ్మకు 262 గీతలు, ప్రాసెసరు గడియకు 3 చుక్కలు చొప్పున అది లెక్కించుచునే పోవును. లెక్క తప్పినచో పట్టీయు నేలతోపాటు జరుగును, లేక వణకును.

మిగిలిపోయిన సగము

లెక్క సరిపోయినను బొమ్మ సరిపోదు. ఫామికామ్ బొమ్మలో అడ్డముగా 256, నిలువుగా 240 చుక్కలు. పాత తెర 4:3 నిష్పత్తి గలది కనుక ప్రతి చుక్కయు ఎత్తుకంటె కొంచెము వెడల్పుగా కనబడెడిది. కొత్త తెరపై వాటిని సమచతురములుగా చూపినచో వృత్తము కోడిగుడ్డు వలె నిలువుగా సాగును.

రంగుల విషయమును ఇట్టిదే. 1991 నాటి “సోనిక్ ది హెడ్జ్‌హాగ్” ఆటలో జలపాతములను విడివిడి నిలువు చారలతో గీసిరి. పాత టెలివిజను తీగలో ఆ చారలు ఒకదానిలో నొకటి కలిసిపోయి, వెనుకనున్నది కనబడు పలుచని నీరు అయ్యెడివి. స్పష్టమైన కొత్త తెరపై అవి చారలుగానే మిగులును. స్పష్టత పెరుగగా నీరు మాయమైనది. అందుచేత కొన్ని ఎమ్యులేటర్లు గీతల నడుమ నల్లని సందులను, రంగుల కలయికను లెక్కగట్టి తెచ్చిపెట్టును.

ప్రోగ్రామును ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. గాజు నాళమును తీయలేము. పెద్ద టెలివిజను నాళములను చేయు కర్మాగారములు దాదాపు అన్నియు మూతపడినవి. ఉన్న నాళముల పూత వాడినకొలది మసకబారును. కనుకనే పాత ఆటలను కాపాడువారు పాత టెలివిజనులను కూడ బాగుచేయించి నిలుపుకొనుచున్నారు. ఇంటిలో అట్టిది ఉన్నచో పారవేయక ఉంచుట మంచిది. కాని దాని మూత విప్పరాదు. రంగుల టెలివిజను నాళములో 20,000 వోల్టులకు మించిన విద్యుత్పీడనము ఉండును. మీట ఆపిన పిదప కూడ అది కొంతకాలము నిలిచియుండును.

నాళము మిగిలియున్న కాలములోనే అది వెలుగును ఎట్లు చిమ్మునో, ఎంతలో మసకబారునో కొలిచి వ్రాసిపెట్టుకొనవలెను. ఎమ్యులేటర్ వ్రాయువారికి రేపు ఆధారము ఆ కొలతలే.