స్థానిక చరిత్ర: దుమ్ముగూడెం ఒక ఉదాహరణ

ఇంగ్లండులో ఒక పల్లె చరిత్ర రాయదలచినవారు ముందుగా ఆ ఊరి చర్చి రిజిస్టర్లు తెరుస్తారు. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు నమోదు చేయాలని అక్కడ 1538లోనే ఉత్తర్వు వచ్చింది. మన పల్లెలకు అటువంటి ఒకే పుస్తకం లేదు. ఆధారాలు కచేరీల వెంట చెదిరిపోయి ఉంటాయి. అందువల్ల ఊరు ఏయే పాలనల కింద ఉండేదో ముందు తేల్చుకోవాలి.

భద్రాచలానికి ఎగువన, గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న దుమ్ముగూడెం సంగతి చూడండి. 1860లో నిజాం ఈ ఒడ్డును బ్రిటిష్ వారికి అప్పగించాడు. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చేరిన ఈ తాలూకా 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు వచ్చింది. నేను పరిశోధన చేసే రోజుల్లో ఈ వరుస తెలియక పాత కాగితాల కోసం హైదరాబాదులో వారం రోజులు వృథాగా వెతికాను. అవి మద్రాసు రికార్డుల్లో ఉన్నాయి.

విదర్భ పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చాలని ఇంజనీర్లు ఇక్కడ ఆనకట్ట, లాకులు కట్టారు. 1871లో ఆ పథకం ఆగిపోయింది. పనులతోపాటు వచ్చిన క్రైస్తవ మిషన్ మాత్రం నిలిచింది. ఇక్కడి మిషనరీ జాన్ కెయిన్ కోయల ఆచారాలపై ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో వ్యాసాలు రాశాడు. అవి విలువైనవే. అయితే మతం మార్చడానికి వచ్చిన మనిషి రాశాడన్న సంగతి మరవకుండా చదవండి.

ఇక భూమి విషయం. ఇప్పటికీ తగాదాలు నడుస్తున్నది ఇక్కడే. మద్రాసు ప్రభుత్వపు 1917 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనుడి భూమిని ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనేతరుడికి బదిలీ చేస్తే అది చెల్లేది కాదు. దుమ్ముగూడెం ఆ చట్టం కింద ఉండేది. నది అవతల, కుడి ఒడ్డున ఉన్న అశ్వాపురం నిజాం రాజ్యంలో ఉండేది కనుక ఆ చట్టం అక్కడ వర్తించలేదు. ఆంధ్ర ప్రాంతానికి చేసిన 1959 నాటి భూబదిలీ రెగ్యులేషన్‌ను తెలంగాణకు వర్తింపజేసింది 1963లో. 1970 సవరణ గిరిజనేతరుల మధ్య బదిలీలను కూడా నిషేధించింది. కాబట్టి 1930లో రాసుకున్న ఒక అమ్మకం కాగితం మీ చేతికి వస్తే, అందులోని పొలం ఏ ఒడ్డున ఉందో ముందు చూడండి. ఒకే తేదీ ఉన్న రెండు కాగితాలను రెండు ఒడ్డుల్లో వేర్వేరు చట్టాల కింద పరిశీలించవలసి వస్తుంది.

అభ్యాసం: మీ గ్రామం 1860 నుంచి నేటి వరకు ఏయే జిల్లాల్లో, ఏయే ప్రభుత్వాల కింద ఉందో సంవత్సరాలతో పట్టిక తయారు చేయండి. పహాణీ, అడంగల్‌లలో ఏ పేరుతో మీ ఊరి భూమి రికార్డు ఉండేదో పెద్దలను అడిగి రాయండి.