పక్షవాతం తరవాత భుజం నొప్పి: డ్రై నీడ్లింగ్ పాత్ర

పక్షవాతం వచ్చిన మనిషికి మాట, నడక కొంత తిరిగి వచ్చినా, చచ్చుబడిన వైపు భుజం నొప్పితో రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. నొప్పికి భయపడి రోగి వ్యాయామం మానేస్తాడు, దాంతో కీలు బిగుసుకుపోతుంది. చేతికి కదలిక తిరిగి రావడానికి ఎక్కువ అవకాశమున్న తొలి నెలలు అలా చేజారిపోతాయి.

భుజం కీలు గుంటకు లోతు తక్కువ. ఎముక తలను అందులో నిలిపి ఉంచేవి ప్రధానంగా చుట్టూ ఉన్న కండరాలే. తొలి రోజుల్లో అవి వదులైపోయి, చేతి బరువుకు కీలు కిందికి జారుతుంది. తరవాతి దశలో రెక్క ఎముక లోపలి వైపున్న సబ్‌స్కాపులారిస్, ఛాతీ మీది పెక్టొరాలిస్ మేజర్ వంటి కండరాలు బిగిసి చేతిని ఒంటి వైపు లాగుతాయి. ఆ బిగువుకు ఎదురుగా చెయ్యి ఎత్తితే ప్రాణం పోయినంత నొప్పి.

డ్రై నీడ్లింగ్‌లో సన్నని సూదిని కండరంలో గట్టిపడిన చోట, అంటే ట్రిగ్గర్ పాయింట్‌లో, గుచ్చుతారు. మందేమీ ఎక్కించరు కనుకనే 'డ్రై' అన్నారు. నరానికి సూది వేస్తారనుకోవడం పొరపాటు. సూది తగిలినప్పుడు కండరం ఒక్కసారి అదిరి, ఆపైన సడలుతుంది. ఉపశమనానికి మందే అక్కరలేదని, సూది ఒక్కటే చాలుననీ చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 1979లో రాశాడు. పక్షవాత రోగులపై జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి. బిగువు, నొప్పి కొంతకాలం తగ్గుతాయని అవి చూపాయి గాని, చేతి పనితనం పెరుగుతుందనడానికి ఆధారం ఇంకా బలహీనమే. కాబట్టి నొప్పి తగ్గిన ఆ వ్యవధిలో వ్యాయామం చేయించకపోతే సూది వేసి లాభం లేదనే నా అభిప్రాయం.

రాజోలు, కొత్తపేట పల్లెల నుంచి అమలాపురానికి రోజూ రావడం అందరికీ కుదరదు. ఇంట్లో చేసేదే ఎక్కువ. అక్కడే ఒక ప్రమాదముంది: దూలానికి నూతి గిలక కట్టి, మంచి చేత్తో తాడు లాగి చచ్చుబడిన చేతిని పైకెత్తించడం. 1990లో అమెరికాలో 28 మంది రోగులపై వెలువడిన అధ్యయనంలో, గిలక వాడిన వారిలో 62 శాతం మందికి భుజం నొప్పి వచ్చింది. చికిత్సకుడే చెయ్యి పట్టి ఆడించిన వారిలో 8 శాతానికే వచ్చింది. చంక కింద చెయ్యేసి రోగిని లేపడమూ ఇలాంటిదే.

పక్షవాతం తరవాత చాలామంది రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతుంటారు. ఆ సంగతి సూది వేసేవారికి ముందే చెప్పాలి. ఛాతీ దగ్గర సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడవచ్చు. ఇది అరుదు. అయినా చికిత్స తరవాత ఆయాసం గాని, ఊపిరి పీల్చినప్పుడు పోటు గాని వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించుకోవాలి.