అణువుకు చిరునామా

ఉద్దేశం

రసాయన సమ్మేళనాల నిర్మాణాలను సేకరించి భద్రపరిచే దత్తాంశ నిధులు ఎందుకు ఏర్పడ్డాయో, వాటిలో కొత్త సమ్మేళనాన్ని ఎలా చేరుస్తారో, పాత నమోదును ఏ నియమాల ప్రకారం సవరిస్తారో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం అగళి. వక్కతోటలు పెరిగే ఆ ప్రాంతంలో తెలుగు, కన్నడ భాషలు రెండూ వినిపిస్తాయి. ఒకరు ‘చింతపండు’ అన్నదానిని మరొకరు ‘హుణసెహణ్ణు’ అంటారు. ఒకరికి ‘వక్క’ అయినది మరొకరికి ‘అడికె’. పేర్లు రెండైనా వస్తువు ఒక్కటేనని అందరికీ తెలుసు కనుక సంతలో ఇచ్చిపుచ్చుకోవడానికి చిక్కు రాదు. వస్తువు కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది, నాలుకకు రుచి తెలుపుతుంది. అణువు సంగతి అలా కాదు. అది కంటికి కనబడదు. దానిని గురించి తెలుసుకొన్నవారు రాసిపెట్టిన పేరు, గీసిన బొమ్మ మాత్రమే ఇతరులకు ఆధారం. ఆ పేరు మారినా, బొమ్మ తప్పినా వస్తువే మారిపోయినట్లవుతుంది.

ఒకే పదార్థానికి అనేక నామాలు ఏర్పడటం రసాయనశాస్త్ర చరిత్రలో తరచుగా జరిగింది. ఫోలిక్ ఆమ్లం ఇందుకు చక్కని ఉదాహరణ. 1931లో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణులకు వచ్చే ఒక రకపు రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతున్నదని వెల్లడించారు. సారంలోని ఆ తెలియని పదార్థాన్ని ‘విల్స్ ఫాక్టర్’ అన్నారు. కోతులపై పరిశోధించినవారు దానినే ‘విటమిన్ ఎం’ అన్నారు. కోడిపిల్లలపై పరిశోధించినవారు ‘విటమిన్ బి-సి’ అన్నారు. సూక్ష్మజీవుల పెరుగుదలను పరిశీలించినవారు మరొక పేరు పెట్టారు. 1941లో పాలకూర జాతి ఆకుల నుంచి దానిని వేరుచేసినవారు, లాటిన్ భాషలో ఆకును సూచించే పదం ఆధారంగా ‘ఫోలిక్ ఆమ్లం’ అని వ్యవహరించారు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 1945లో ఆ పదార్థపు నిర్మాణాన్ని నిర్ధారించి, కృత్రిమంగా తయారుచేసిన తరువాతగాని ఈ పేర్ల చిక్కుముడి పూర్తిగా విడలేదు. పేర్లు ఎన్ని ఉన్నా నిర్మాణం ఒక్కటే. కాబట్టి పదార్థాన్ని గుర్తించడానికి నమ్మదగిన ఆధారం దాని పేరు కాదు, నిర్మాణమే.

ఈ ఎరుకతోనే నిర్మాణాల పట్టికలు వెలిశాయి. బైల్‌స్టైన్ అనే రసాయనజ్ఞుడు 1881లో కర్బన సమ్మేళనాల సమాచార గ్రంథాన్ని ప్రచురించడం ప్రారంభించాడు. 1907లో అమెరికాలో రసాయన పరిశోధనల సారాంశాలను అందించే ‘కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్’ మొదలయింది. ఆ సంస్థ 1965లో కంప్యూటరు సాయంతో ప్రతి పదార్థానికి ఒక సంఖ్యను కేటాయించే రిజిస్ట్రీని స్థాపించింది. నేడు అందులో 20 కోట్లకు పైగా పదార్థాలు నమోదయి ఉన్నాయి. 2004లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ‘పబ్‌కెమ్’ను, 2009లో ఐరోపా జీవసమాచార సంస్థ ‘కెంబల్’ను ఎవరైనా ఉచితంగా వాడుకొనే విధంగా అందుబాటులోకి తెచ్చాయి.

రిజిస్ట్రీ సంఖ్యలో ఒక చమత్కారం ఉన్నది. దానిలోని చివరి అంకె తప్పును పట్టుకొనే కాపలాదారు. చింతపండులోని పులుపుకు ముఖ్యకారణమైన టార్టారిక్ ఆమ్లం సంఖ్య 87-69-4. చివరి 4ను పక్కన ఉంచి, మిగిలిన అంకెలను కుడినుంచి ఎడమకు వరుసగా 1, 2, 3, 4లతో గుణించాలి. 9, 12, 21, 32 వస్తాయి. వీటి మొత్తం 74. అందులోని చివరి అంకె 4. అంటే సంఖ్య సరిగానే రాశారన్నమాట. ఎవరైనా పొరపాటున 87కు బదులు 78 అని రాస్తే మొత్తం 73 అవుతుంది, చివరి అంకెతో పొసగదు. తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

అయితే సంఖ్య గుర్తు మాత్రమే. అది నిర్మాణాన్ని చెప్పదు. కంప్యూటరుకు నిర్మాణాన్ని తెలియజేయాలంటే అణువులోని పరమాణువులకు వరుస సంఖ్యలు వేసి, ఏ పరమాణువు దేనితో ఎన్ని బంధాలతో కలిసి ఉన్నదో పట్టికగా ఇవ్వాలి. దీనినే ఒక వరుసలో అక్షరాలుగా కుదించే ‘స్మైల్స్’ అనే పద్ధతిని 1980వ దశకంలో డేవిడ్ వైనింగర్ రూపొందించాడు. ఆ పద్ధతిలో ఇథైల్ ఆల్కహాల్‌ను రెండు కార్బన్ గుర్తులు, ఒక ఆక్సిజన్ గుర్తు పక్కపక్కన రాసి సూచించవచ్చు. హైడ్రోజన్‌లను సంయోజకతను బట్టి కంప్యూటరే పూరించుకొంటుంది. 2005లో అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య ‘ఇంచీ’ అనే మరొక పద్ధతిని వెలువరించింది. బొమ్మను ఏ కొసనుంచి గీసినా అణువు ఒకటే అయితే ఒకే సంకేతం రావడం దీని ప్రత్యేకత.

ఇక్కడ టార్టారిక్ ఆమ్లాన్నే మరికొంత పరిశీలించాలి. దాని అణువులో నాలుగు కార్బన్, ఆరు హైడ్రోజన్, ఆరు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. అవి కలిసిన క్రమం కూడా ఒక్కటే. అయినా ఆ ఆమ్లం మూడు విధాలుగా ఉంటుంది. కుడిచేయి, ఎడమచేయి ఒకే తీరుగా ఉన్నా ఒకదానిపై ఒకటి సరిగా ఒదగనట్లు, రెండు రూపాలు పరస్పరం అద్దంలోని ప్రతిబింబాల వంటివి. తనలోనే సౌష్ఠవం గల మూడవది ‘మీసో’ రూపం. 1848లో లూయీ పాశ్చర్ ఈ ఆమ్లపు లవణ స్ఫటికాలను పరీక్షించి, ప్రతిబింబాల వంటి రెండు రకాలను చేతితో వేరుచేశాడు. చింతపండులో ప్రకృతిసిద్ధంగా లభించేది వాటిలో ఒక్క రూపమే. అందుకే రిజిస్ట్రీలో ఈ రెండు రూపాలకు, మీసో రూపానికి, మొదటి రెండింటి సమపాళ్ల మిశ్రమానికి వేర్వేరు సంఖ్యలు ఉన్నాయి. ఒక వ్యాసంలో రచయిత ఏ రూపమో చెప్పకుండా ‘టార్టారిక్ ఆమ్లం’ అని మాత్రమే రాస్తే, నమోదు చేసేవారు ఊహించి నింపకూడదు. ‘రూపం నిర్దేశించలేదు’ అనే గుర్తుతోనే దానిని చేర్చాలి. తెలియనిదానిని తెలియనిదిగా ఉంచడం ఈ వృత్తిలో మొదటి ధర్మం.

కొత్త సమ్మేళనాన్ని చేర్చే పని అంచెలంచెలుగా సాగుతుంది. మొదట పరిశోధన వ్యాసాన్నో, పేటెంటు పత్రాన్నో చదివి అందులోని నిర్మాణాన్ని కంప్యూటరులో గీస్తారు. ప్రతి పరమాణువుకు ఉండవలసినన్ని బంధాలు ఉన్నాయో లేదో సరిచూస్తారు. కార్బన్‌కు ఐదు బంధాలు కనిపిస్తే ఎక్కడో తప్పు జరిగినట్లే. తరువాత నిర్మాణాన్ని ఒక ప్రామాణిక రూపంలోకి తెస్తారు. ఔషధం లవణరూపంలో ఉంటే మూల అణువును వేరుగా గుర్తించి రెండింటికీ సంబంధం కలుపుతారు. ఆపైన అదే నిర్మాణం నిధిలో ఇదివరకే ఉన్నదేమో వెదకుతారు. ఉంటే కొత్త నమోదు తెరవరు. కొత్త పేరును, కొత్త సమాచారాన్ని పాతదానికే జతచేస్తారు. లేకపోతేనే కొత్త సంఖ్య ఇస్తారు. సమాచారం ఎక్కడనుంచి వచ్చిందో తప్పక రాస్తారు. ఔషధ ప్రభావాన్ని తెలిపే కొలతలలో ‘మైక్రో’కు బదులు ‘నానో’ అని పడితే విలువ వేయిరెట్లు మారిపోతుంది కనుక ఒకరు చేసిన నమోదును మరొకరు తిరిగి పరిశీలిస్తారు.

చేర్చడంకంటె సవరించడం మరింత జాగ్రత్త కోరే పని. తప్పు తెలియగానే పాత నమోదును చెరిపివేస్తే, అంతకుముందు దానిని ఆధారంగా తీసుకొన్నవారికి దారి తెగిపోతుంది. రిజిస్ట్రీలో ఒకే పదార్థానికి రెండు సంఖ్యలు పడినట్లు తేలితే ఒకదానిని రద్దుచేస్తారు. కాని రద్దయిన సంఖ్యతో వెదికినా సరైన నమోదుకు చేరే ఏర్పాటు ఉంటుంది. పబ్‌కెమ్ మరొక పద్ధతిని పాటిస్తుంది. సమాచారం పంపినవారి నమోదును వారి పేరుతోనే ‘పదార్థం’గా ఉంచుతుంది. దానినుంచి ప్రమాణీకరించిన నిర్మాణాన్ని ‘సమ్మేళనం’గా వేరే సంఖ్యతో చూపుతుంది. ఎవరు ఏమి చెప్పారు, దానినుంచి ఏమి తేలింది అన్న రెండు విషయాలు కలగాపులగం కాకుండా ఉంటాయి.

ఇంత శ్రద్ధ అవసరమా అన్న సందేహానికి ఇటీవలి చరిత్రే సమాధానం చెబుతుంది. క్యాన్సర్ కణాలను నశింపజేసే గుణంగల ‘టిక్-10’ అనే సమ్మేళనాన్ని గురించి అమెరికా శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించారు. దాని నమూనా అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ భాండాగారంలోనిది. నిర్మాణం మాత్రం 1970వ దశకపు ఒక జర్మన్ పేటెంటునుంచి వచ్చినది. స్క్రిప్స్ పరిశోధన సంస్థలో కిమ్ జాండా బృందం ఆ నిర్మాణం ప్రకారం పదార్థాన్ని తయారుచేయగా అది పనిచేయలేదు. భాండాగారంలోని నమూనా మాత్రం పనిచేసింది. రెండింటినీ పోల్చి చూడగా అసలు సంగతి బయటపడింది. అణువు మధ్యనున్న మూడు వలయాలు పేటెంటులో చూపినట్లు తిన్నగా కాక, వంపు తిరిగి అమరి ఉన్నాయి. రెండింటిలోనూ పరమాణువుల సంఖ్య ఒకటే కాబట్టి ద్రవ్యరాశిని తూచి చూసినంతమాత్రాన భేదం తెలియదు. 2014లో ఈ విషయం ప్రచురితమైంది. ఔషధంపై హక్కు ఎవరిదన్న ప్రశ్న కూడా దానితో తలెత్తింది. సరైన నిర్మాణంగల ఆ సమ్మేళనమే ‘డోర్డావిప్రోన్’ అనే పేరుతో 2025 ఆగస్టులో ఒక అరుదైన మెదడు కణితి చికిత్సకు అమెరికాలో అనుమతి పొందింది. కాగితంపై నాలుగు దశాబ్దాలు నిలిచిన ఒక తప్పు గీత, ప్రాణాధారమైన ఔషధాన్ని పనికిరానిదిగా కనిపించేట్లు చేయగలిగింది.

ఈ కార్యంలో తెలుగునేలకూ స్థానం ఉన్నది. 2001లో హైదరాబాదులో ప్రారంభమైన జీవీకే బయోసైన్సెస్ సంస్థ, వ్యాసాలనుంచి, పేటెంట్లనుంచి సమ్మేళనాల నిర్మాణాలను, వాటి ప్రభావాలను మనుషులచేత చదివించి ‘గోస్టార్’ అనే దత్తాంశ నిధిని రూపొందించింది. ఆ నిధిని నేడు హైదరాబాదులోనే ఉన్న ఎక్సెల్రా సంస్థ నిర్వహిస్తున్నది. చెన్నైలోని గణితశాస్త్ర సంస్థ పరిశోధకులు 2018లో భారతీయ ఔషధ మొక్కలలోని సమ్మేళనాలతో ‘ఇంపాట్’ అనే నిధిని ప్రకటించారు. 2022 నాటి దాని రెండవ రూపంలో 4,010 మొక్కలు, 17,967 సమ్మేళనాలు చోటుచేసుకొన్నాయి. చేతిలో మొక్క ఉన్నా, దానిలోని అణువు ఏదో, ఏ గ్రంథం ఆధారమో నమోదు కాకపోతే ఆ జ్ఞానం ఆ ఊరితోనే ఆగిపోతుంది.

పెద్దల కాలంలో భూమి హద్దులను కరణం లెక్కలు కాపాడేవి. అణువుల లోకంలో ఆ బాధ్యతను ఈ నిధులు వహిస్తున్నాయి. హద్దురాయి జరిగితే ఇద్దరు రైతుల మధ్య తగవు వస్తుంది. అణువులో బంధం ఒకటి జరిగితే రోగికి అందవలసిన మందు అందకుండా పోవచ్చు. కాబట్టి చదివినది సరిగా గ్రహించడం, తెలిసినంతే రాయడం, తప్పు కనిపించినప్పుడు దాచక సవరించడం అనే మూడు గుణాలు ఈ పనికి ప్రాణం. అవి రసాయనశాస్త్రానికే కాదు, విద్య అనిపించుకొనే ప్రతిదానికీ ప్రాణమే.

కఠిన పదాలు – అర్థాలు

దత్తాంశ నిధి = సమాచారాన్ని క్రమంగా భద్రపరిచే కోశం
సంయోజకత = పరమాణువు ఏర్పరచగల బంధాల సంఖ్య
సౌష్ఠవం = రెండు వైపులా సమానమైన పొందిక
భాండాగారం = వస్తువులను నిలువచేసే చోటు

ప్రశ్నలు

1. పదార్థాన్ని గుర్తించడానికి పేరుకంటె నిర్మాణం నమ్మదగినదని ఎలా చెప్పవచ్చు? ఫోలిక్ ఆమ్లం ఉదాహరణతో వివరించండి.
2. దత్తాంశ నిధిలో కొత్త సమ్మేళనాన్ని చేర్చే విధానాన్ని రాయండి.
3. టిక్-10 చరిత్ర తెలిపే గుణపాఠం ఏమిటి?
4. ఫోలిక్ ఆమ్లం రిజిస్ట్రీ సంఖ్య 59-30-3. చివరి అంకె సరైనదో కాదో లెక్కించి చూపండి.