తూనికల తనిఖీ: పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన చట్టము

ధాన్యము అమ్ముడగు దినములలో తూనికలు, కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు కాటాను పరీక్షింప వచ్చినపుడు, వ్యాపారి అడ్డుపడుటయు, నలుగురిని కూడగట్టి బెదరించుటయు జరుగవచ్చును. అట్టి వేళ ఊరివారందరు పంచాయతీ సభ్యుల వైపే చూతురు. కనుక చట్టమేమి చెప్పుచున్నదో ఇచట వివరించుచున్నాము.

క్వింటాలుకు ఒక కిలో తగ్గించి చూపు కాటాపై 50 క్వింటాళ్లు అమ్మిన రైతు 50 కిలోల ధాన్యమును ఊరక పోగొట్టుకొనును. తనిఖీ ఈ నష్టమును ఆపుటకే. నేరము జరిగినదని నమ్ముటకు కారణమున్నచో, ఇన్‌స్పెక్టరు తగు వేళలో దుకాణము ప్రవేశించి, కాటాలను, తూకపు రాళ్లను పరీక్షించి, స్వాధీనపరచుకొనవచ్చునని 2009వ సంవత్సరపు లీగల్ మెట్రాలజీ చట్టము 15వ సెక్షను తెలుపుచున్నది.

2024 జూలై 1వ తేదీ నుండి భారత శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము గరిష్ఠ శిక్షలివి:

విధి నిర్వహణను అడ్డగించుట (221వ సెక్షను): 3 నెలల ఖైదు, లేక 2,500 రూపాయల జరిమానా, లేక రెండును.

వస్తువుల స్వాధీనమును ప్రతిఘటించుట (218): 6 నెలలు, లేక 10,000 రూపాయలు, లేక రెండును.

హాని చేయుదునని బెదరించుట (224), విధిని ఆపుటకై చేయి చేసికొనుట (132): 2 సంవత్సరములు, లేక జరిమానా, లేక రెండును.

గాయపరచుట (121): 5 సంవత్సరములు, లేక జరిమానా, లేక రెండును. గాయము తీవ్రమైనచో శిక్ష ఇంకను హెచ్చు.

“నీ పిల్లలు ఈ దారినే గదా బడికి పోవునది” యను మాటయు బెదరింపే కాగలదు. ఇవి పంచాయతీలో రాజీ చేసి ముగించు నేరములు కావు. గుంపును ఉసికొల్పిన సభ్యుడును శిక్షకు పాత్రుడగును.

అయితే ప్రశ్నించుట అడ్డగించుట కాదు. గుర్తింపు కార్డు చూపుమని, స్వాధీనపరచుకొన్న వస్తువులకు రసీదు ఇమ్మని మర్యాదగా అడుగవచ్చును. తగిన కారణము లేదని తెలిసియు సోదా చేసిన అధికారి 42వ సెక్షను క్రింద తానే నేరస్థుడగును. అట్టి యెడ పై అధికారికి వ్రాతమూలకముగ ఫిర్యాదు చేయుట మార్గము. చేయి చేసికొనుట కాదు. సద్బుద్ధితో పనిచేయు అధికారి చర్యలో కొంత లోపమున్నను, ప్రాణభయముగాని తీవ్రమైన గాయము కలుగునను భయముగాని లేనిచో, ఆత్మరక్షణ పేర ఎదిరించు హక్కు లేదని 37వ సెక్షను చెప్పుచున్నది.

కావున తనిఖీ జరుగు చోట సభ్యులు నిలిచి, గుంపును దూరముగా నుంచి, తూకము అందరియెదుట జరుగునట్లు చూడవలెనని మనవి చేయుచున్నాము. సరియైన కాటా గల వ్యాపారికి అందువలన పేరే వచ్చును. రైతుకు తన ధాన్యమునకు తగిన ధర దక్కును.