రాత్రి ఎక్కడ ఆగుదాం?

కరీంనగర్, ఆదిలాబాద్ యాత్రకు మకాం ఎంచుకునేవారి కోసం

వేములవాడలో సోమవారం తెల్లవారుజాము చూడాలంటే ఆదివారం రాత్రి వేములవాడలోనే పడుకోవాలి. కెస్లాపూర్‌లో నాగోబా మహాపూజ పుష్య అమావాస్య రాత్రి జరుగుతుంది. సాయంత్రం బస్సుకే వెళ్లిపోయినవాళ్లు చూసేది అంగళ్లను, రంగులరాట్నాలను మాత్రమే. కవ్వాల్ అడవిలో జింకలు నీళ్లకు దిగే వేళకు, హైదరాబాద్‌లో చీకటితో బయల్దేరిన కారు ఇంకా సిద్దిపేట కూడా దాటదు. ఉత్తర తెలంగాణలో చూసి తీరవలసినవి చాలావరకు పొద్దు పొడవక ముందో, పొద్దుగూకాకో జరుగుతాయి.

మనమేమో ఒకే రోజులో వేములవాడ, కొండగట్టు, ధర్మపురి చుట్టేసి అర్ధరాత్రికి ఇల్లు చేరడానికి అలవాటుపడ్డాం. దర్శనాలు అవుతాయి కానీ ఊళ్లు కనబడవు. అందుకే ఈ రెండు పాత జిల్లాలకు వెళ్లేవారు ‘ఏమేం చూద్దాం’ అన్నదానికన్నా ముందు ‘రాత్రి ఎక్కడ ఆగుదాం’ అన్నది తేల్చుకోవాలి.

యూరప్ వెళ్లేటప్పుడు మనవాళ్లే ఈ లెక్క ఎంతో శ్రద్ధగా వేస్తారు. గది స్టేషన్ పక్కన తీసుకోవాలా, పాత పేటలోనా అని వారాల తరబడి చర్చిస్తారు. ఖర్చు తగ్గుతుందని వంతెన ఇవతల మెస్త్రేలో దిగినవాళ్లకు, పగటి గుంపు వెళ్లిపోయాక వెనిస్ కాలువల వెంట నడిచే అదృష్టం దక్కదని వాళ్లకు తెలుసు. 2024 ఏప్రిల్ నుంచి వెనిస్, రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయే పర్యాటకుల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటోంది. నగర పరిధిలో రాత్రి బస చేసేవారికి ఆ రుసుము లేదు. అంత దూరపు ఊరి కోసం పడే శ్రమలో సగం మన నిర్మల్ కోసం, మన ధర్మపురి కోసం పడితే చాలు.

వీరాస్వామి అడిగిన ప్రశ్నలు

తెలుగులో ఈ విద్యకు పెద్దదిక్కు ఏనుగుల వీరాస్వామి. 1830 మే 18న మద్రాసులో కాశీయాత్రకు బయల్దేరి, హైదరాబాద్, నిర్మల్ మీదుగా నాగపూర్ దారి పట్టారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఇల్లు చేరారు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ నిండా మజిలీలే. దారి ఎలా ఉంది, నీళ్లు మంచివేనా, సరుకులు దొరికే అంగళ్లు ఉన్నాయా, దిగడానికి చోటుందా అని ఊరూరా ఆరా తీసి రాసుకున్నారు. పెద్ద పరివారాన్ని వెంటేసుకుని నడిచిన మనిషికి మజిలీ తప్పితే మరునాటి ప్రయాణమే తప్పుతుంది. ఇవాళ ఫోన్‌లో గది వెతికే మనం కూడా అడగవలసినవి ఆ ప్రశ్నలే. వాటికి ఇంకొకటి కలుపుకుందాం: తెల్లవారేసరికి నేను ఎక్కడ ఉండాలి?

వేములవాడ: ఆదివారం నుంచి మంగళవారం దాకా

రాజన్న మొక్కు తీరిగ్గా తీర్చుకునే కుటుంబాలు ఆదివారం మధ్యాహ్నానికే చేరుకుంటాయి. సోమవారం రాజన్నకు, మంగళవారం బద్దిపోచమ్మకు. ఊరి ఆనవాయితీ అది. గదులు దొరికినవాళ్లు గదుల్లో, దొరకనివాళ్లు ఆరుబయట చాపలు పరుచుకుని పడుకుంటారు. మూడు రాళ్ల పొయ్యిల మీద బోనం ఉడుకుతుంది.

తెల్లవారకముందే ధర్మగుండం దగ్గర సందడి మొదలవుతుంది. స్నానం చేసి, తడిబట్టలతోనే కోడె టికెట్ వరుసలో నిలబడతారు. వంతు రాగానే కోడె పగ్గం చేతికి వస్తుంది. ఇంటాయన పగ్గం పట్టి ముందు నడిస్తే, ఇల్లాలు కోడె వీపు మీద చెయ్యి వేసి నడుస్తుంది, పిల్లలు భయంభయంగా తాకి కళ్లకద్దుకుంటారు. గుడి చుట్టూ తిప్పి కోడెను కట్టేస్తే మొక్కు తీరినట్టు. సంతానం కలగాలని, పంట గట్టెక్కాలని మొక్కుకున్నవాళ్లు ఆ పగ్గం ఎంత గట్టిగా పట్టుకుంటారో దగ్గరుండి చూడాలి. ఆవరణలో దర్గా ఉంది. రాజన్నకు దండం పెట్టిన చేతులతోనే అక్కడా మొక్కుతారు. పదో శతాబ్దంలో రెండో అరికేసరి ఏలిన రాజధాని ఇదే. కన్నడ ఆదికవి పంపడు ఉన్నది ఆ రాజు కొలువులోనే.

బస విషయానికొస్తే, ముసలివాళ్లు వెంట ఉంటే గుడికి దగ్గరగా, కింది అంతస్తులో గది అడగండి. దేవస్థానం గదులకే మొదట ప్రయత్నించండి. శివరాత్రికి, శ్రావణ సోమవారాలకు, రెండేళ్లకోసారి మేడారం జాతరకు ముందు వారాల్లో ఇక్కడ గది దొరకడం కష్టం. సమ్మక్క దగ్గరికి వెళ్లేవాళ్లు ముందు రాజన్నను చూసి వెళతారు కదా. ఆ రోజుల్లో సిరిసిల్లలోనో కరీంనగర్‌లోనో దిగడం మేలు. ఆలయ విస్తరణ పనుల వల్ల దర్శనం, కోడెమొక్కుల ఏర్పాట్లు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోవడం మరవద్దు.

కరీంనగర్: తలొకటి కోరుకునే కుటుంబానికి

నాయనమ్మకు కొండగట్టు అంజన్న, కొడుక్కి కోట, కోడలికి వెండి పని, పిల్లలకు నీళ్లు కావాలంటే మకాం కరీంనగర్‌లో పెట్టాలి. వేములవాడ ఒక దిక్కున, కొండగట్టు మరో దిక్కున, రెండూ సుమారు 35 కిలోమీటర్లే. బస్టాండ్ చుట్టుపక్కల లాడ్జీలు బస్సుల్లో తిరిగేవారికి సౌకర్యం, కానీ రోడ్డు వైపు కాకుండా వెనక వైపు గది తీసుకుంటేనే నిద్ర పడుతుంది.

ఎలగందుల కోటకు పొద్దు వాలేముందు వెళ్లండి. కాకతీయుల కాలం నుంచి నిజాంల దాకా చేతులు మారిన కోట అది. 1905లో కరీంనగర్‌కు మార్చేదాకా జిల్లా కేంద్రం ఎలగందులే. కోట పైనుంచి చూస్తే మానేరు నీళ్లు పరుచుకుని కనబడతాయి. రాత్రి భోజనం అయ్యాక 2023లో ప్రారంభమైన తీగల వంతెన మీద పిల్లలతో నడవవచ్చు.

మరునాడు పొద్దున ఫిలిగ్రీ పనివారిని వెతుక్కుంటూ వెళ్లండి. వెండిని వెంట్రుక మందం తీగగా లాగి, రెండు తీగలు కలిపి మెలిపెట్టి, చదును చేసి, చట్రంలో పువ్వులూ ఆకులుగా పొదుగుతారు. కుంకుమ భరిణె చిన్నదే అయినా కళ్లకు ఎంత శ్రమో పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన కళ ఇది. ధర బేరం చేసే ముందు ఆ పని ఒక్క గంట చూడండి.

గోదావరి ఒడ్డు: ధర్మపురి, కాళేశ్వరం

నరసింహ శతకం రాసిన శేషప్ప ఊరు ధర్మపురి. గుడిలో నరసింహుడితో పాటు యముడికీ సన్నిధి ఉంది. కరీంనగర్ నుంచి సుమారు 75 కిలోమీటర్లే కనుక పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవచ్చు. కానీ సూర్యోదయానికి గోదావరి మెట్ల మీద ఉండాలనుకుంటే సత్రంలోనో లాడ్జీలోనో ఒక రాత్రి ఉండండి. సౌకర్యాలు నగరం స్థాయిలో ఉండవు. మంచి నీళ్లు, దుప్పటి వెంట తెచ్చుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

కాళేశ్వరం ఇంకా లోపలికి, కరీంనగర్ నుంచి సుమారు 130 కిలోమీటర్లు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి, గోదావరిలో ప్రాణహిత కలిసే చోటు, అవతలి ఒడ్డున మహారాష్ట్ర. 2025 మే 15 నుంచి 26 వరకు ఇక్కడ సరస్వతీ పుష్కరాలు జరిగాయి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాటు పక్కనే గది కావాలని పంతం పట్టేకన్నా కరీంనగర్, మంథని వైపు మకాం పెట్టుకుని చీకటితో బయల్దేరడం పుష్కర రోజుల్లో తెలివైన పని.

నిర్మల్: బొమ్మలు, జలపాతాలు

44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న నిర్మల్‌ను చాలామంది టీ తాగి దాటేస్తారు. ఒక రాత్రి ఆగి చూడండి. పొనికి కర్ర చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. దాన్ని చెక్కి, ముక్కలను చింతగింజల జిగురుతో అతికి, రంపపు పొట్టు కలిపిన లప్పంతో అతుకులు మాయం చేసి, ఆపైన రంగులు వేస్తారు. బొమ్మ బజారులో కొంటే వస్తువు మాత్రమే దొరుకుతుంది. కార్ఖానాలో కొంటే చేసిన చేతులను చూసి, డబ్బు ఆ చేతుల్లోనే పెట్టి వస్తాం.

కుంటాల, పొచ్చెర జలపాతాలకు కూడా ఇక్కడి నుంచే పొద్దున్నే బయల్దేరవచ్చు. రెండిటికీ నేరడిగొండ దగ్గర హైవే దిగాలి. కడెం నది 147 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు కుంటాల. కిందికి వందల మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి పొచ్చెర సులువు. రెండు చోట్లా నీటి గుండాలు లోతు. సరదాగా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఒడ్డునే ఉండండి. వానలు తగ్గుముఖం పట్టిన సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మంచి కాలం.

బాసరకు మాత్రం నిర్మల్ మకాం చాలదు. అక్షరాభ్యాసం చేయించే ఉద్దేశం ఉంటే ముందు రాత్రి బాసరలోనే ఉండండి. మూడేళ్ల పిల్లను నడిరాత్రి లేపి హైదరాబాద్ నుంచి 200 కిలోమీటర్లు కారులో కుదిపి తెచ్చి, క్యూలో నిలబెట్టి, పలక మీద ఓం రాయమంటే ఏడవక ఏం చేస్తుంది? ఆ పిల్ల హాయిగా నిద్రపోయి లేచి దిద్దుకోవాలి. బాసరకు సికింద్రాబాద్–మన్మాడ్ మార్గంలో రైల్వేస్టేషన్ ఉంది. వసంత పంచమికి, దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాటికి గది చాలా ముందే చూసుకోవాలి.

ఆదిలాబాద్, ఉట్నూరు: అతిథిగా వెళ్లవలసిన చోటు

ఎక్కడ ఉండాలో ఎంచుకోవడంలోని గొప్పతనం తెలియాలంటే మార్లవాయి కథ వినాలి. వియన్నాలో 1909లో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, కొమురం భీం నేలకొరిగిన 1940 తర్వాత గోండుల బతుకు తెలుసుకోవడానికి ఇక్కడికి వచ్చారు. పట్నంలో కూర్చుని నివేదికలు రాయలేదు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలోనే కాపురం ఉన్నారు. గోండు పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పే బడికి ఆ ఊళ్లోనే అంకురం పడింది. కెస్లాపూర్ జాతరలో అధికారులు ఆదివాసుల గోడు వినే దర్బారు కూడా ఆయన చలవే. బెట్టీ 1987లో, ఆయన 1995లో కన్నుమూశారు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలో పక్కపక్కనే ఉన్నాయి. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ ఈ ఊరే.

జాతరలో మెస్రం వంశీయుల బస చూడండి. కలమడుగు దగ్గర గోదావరి జలం తీసుకుని కాలినడకన వచ్చి, కెస్లాపూర్ మర్రిచెట్ల కింద ఆగుతారు. ఎన్ని కుటుంబాలు వచ్చినా గోవాడ్‌లో ఇరవై రెండు పొయ్యిల మీదే వండుకుంటారు. అమావాస్య రాత్రి మహాపూజ అయ్యాక కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే భేటింగ్ జరుగుతుంది. దర్శనం, బస ఎక్కడ, ఎప్పుడు అన్నది వాళ్ల కట్టుబాటు చెబుతుంది, మనం దానికి లోబడి నడవాలి.

గూడేలను హోటళ్లనుకోకూడదు. మకాం ఆదిలాబాద్‌లోనో ఉట్నూరులోనో పెట్టుకుని, ఊరి పెద్దను అడిగి లోపలికి వెళ్లాలి, అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు. జోడేఘాట్‌లో భీం స్మారక మ్యూజియం, ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20 కాల్పుల అమరుల స్తూపం చూసి రండి. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూ, ఉషేగావ్‌లో ఓజా కళాకారుల డోక్రా ఇత్తడి బొమ్మలు కొనండి. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి పది డిగ్రీల కిందికి పడిపోయే ప్రాంతమిది. రగ్గులు లేనిదే రావద్దు.

జన్నారం: అడవి వేళలు

కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యం అయింది. దీనికి సరైన మకాం జన్నారం. పర్యాటక శాఖ రిసార్టులో ముందురోజే దిగితే తెల్లవారి సఫారీ అందుతుంది. వానాకాలంలో సఫారీ ఆపేస్తారు. చెక్‌పోస్టుల దగ్గర రాత్రిపూట వాహనాలపై ఆంక్షలు ఉండవచ్చు కాబట్టి వెలుతురుండగానే చేరుకోండి. రైల్లో వచ్చేవారికి మంచిర్యాల దగ్గర.

గది ఖాయం చేసే ముందు

2016లో ఈ రెండు పాత జిల్లాలు చీలి చాలా జిల్లాలయ్యాయి. దూరాలు మాత్రం తగ్గలేదు. రెండు రాత్రుల సెలవుకు ఒక్క మకామే పెట్టుకోండి. దాని చుట్టూ 60, 70 కిలోమీటర్లకు మించి వెళ్లొద్దు. మొక్కు ఉంటే వేములవాడ, పెద్ద కుటుంబమైతే కరీంనగర్, నది కోసమైతే ధర్మపురి, బొమ్మలు, జలపాతాల కోసం నిర్మల్, అడవికి జన్నారం, ఆదివాసుల నేలను తెలుసుకోవాలంటే ఉట్నూరు. ఫోన్ చేసినప్పుడు వేడినీళ్లు, లిఫ్టు, బండి పెట్టే చోటు, పొద్దున ఎన్నింటికి టిఫిన్ దొరుకుతుందో అడగండి. మిగిలిన ఊళ్లు మరో సెలవుకు దాచుకోండి. మీరు రాత్రి ఆగితే లాడ్జీవాళ్లకు, టిఫిన్ బండికి, ఆటో డ్రైవరుకు, బొమ్మ చెక్కే మనిషికి నాలుగు డబ్బులు మిగులుతాయి. ఈ ఊళ్లు తమ పనులను, పండుగలను బతికించుకోవడానికి ఆ డబ్బూ కావాలి, మీ తీరికా కావాలి.