మెస్ లెక్కకు వాటర్‌ఫాల్ చార్ట్

మెస్ లెక్క నోటీసు బోర్డు మీద పెడితే మనలో చాలామందిమి అడుగున ఉన్న అంకె ఒక్కటే చూసి వెళ్ళిపోతాం. మధ్యలో డబ్బు ఎక్కడ తరిగిందో తెలియాలంటే ఆ లెక్కను బొమ్మగా చూడాలి. పూర్వ విద్యార్థులం కొందరం ఆఫీసుల్లో నెలనెలా వేసే వాటర్‌ఫాల్ చార్ట్ అందుకు బాగా పనికొస్తుంది.

ఉదాహరణకు పాత నిల్వ 5,000 రూపాయలు, వచ్చిన మెస్ చార్జీలు 40,000 అనుకుందాం. కూరగాయలకు 12,000, పాలు గుడ్లకు 15,000, గ్యాస్‌కు 8,000 పోతే మిగిలేది 10,000. చార్టులో ప్రతి ఖర్చూ ముందుది ఆగిన చోట మొదలై మెట్టులా కిందికి దిగుతుంది.

ఎక్సెల్ 2016 నుంచి ఈ చార్ట్ ఇన్సర్ట్ మెనూలోనే ఉంది. అంతకంటే పాత ఎక్సెల్ ఉన్న కంప్యూటర్‌లో స్టాక్‌డ్ కాలమ్ చార్ట్ వేసి, ప్రతి మెట్టు కింద కనబడని దిమ్మె ఒకటి పెట్టాలి. కిటుకంతా ఇదే. కూరగాయల ముందు నిల్వ 45,000, తర్వాత 33,000. రెంటిలో చిన్నదైన 33,000 దిమ్మె ఎత్తు. దాని మీద 12,000 మెట్టు నిలబడుతుంది.

ఈ లెక్క కోడుతో చేయిద్దాం. ఏ వరుసలో పద్దు పేరు, బి వరుసలో మొత్తం రాయండి. ఖర్చయితే మైనస్ పెట్టాలి. ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కితే విజువల్ బేసిక్ ఎడిటర్ వస్తుంది. అందులో మాడ్యూల్ తెరిచి ఫర్ లూప్ రాయాలి. లూప్ ఒక్కో పద్దునూ నడుస్తున్న నిల్వకు కలుపుతూ, దిమ్మెను సి లోనూ, రాబడిని డి లోనూ, ఖర్చును మైనస్ తీసేసి ఇ లోనూ వేస్తుంది. చివరి మిగులుకు మాత్రం దిమ్మె సున్నా, మొత్తం డి లో. చార్టుకు ఏ, సి, డి, ఇ వరుసలు ఇచ్చి, సి రంగు తీసేయమని కోడులోనే చెప్పాలి.

కిరాణా కొట్టులో అరువు పెట్టిన నెల నిల్వ సున్నా కిందికి పోతుంది, అప్పుడు ఈ పద్ధతి తప్పు చూపిస్తుంది. 3,000 ఉండగా 5,000 ఖర్చయితే దిమ్మె లేకుండా మెట్టును రెండు ముక్కలు చేయాలి: సున్నా పైన 3,000, కింద మైనస్ 2,000. కింది ముక్కకు ఎఫ్ వరుస వాడి, దాన్నీ చార్టుకు కలపండి.

ఫైలును మాక్రో ఎనేబుల్డ్ వర్క్‌బుక్‌గానే సేవ్ చేయండి, మామూలుగా చేస్తే కోడు పోతుంది. తర్వాత నెల బి వరుస మార్చి మాక్రో నడిపితే చాలు. రెండు నెలల చార్టులు పక్కపక్కన అతికించినప్పుడు పాలు గుడ్ల మెట్టు పొట్టిగా కనబడితే, ధర తగ్గిందా, గుడ్డు తగ్గిందా అని మెస్ కమిటీ తమ్ముళ్లు వార్డెన్ గారిని అడగవచ్చు.